పదకొండో సూది

పొద్దున ఎనిమిదింటికల్లా కొట్టు తలుపులు తీయడం మాస్టారికి ముప్పై ఏళ్ళ అలవాటు. మాస్టారంటే బడిపంతులనుకునేరు. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన దర్జీ. కొట్టు కూడా ఎక్కడో కాదు, ఇంటి ముందుగదే. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద రెండు కుట్టుమిషన్లు, మధ్యలో ముగ్గురు పడుకోగలిగినంత కటింగు బల్ల. బల్ల మూలన ఎర్రగుడ్డతో కుట్టిన సూదుల దిండు. రోజూ పొద్దున్నే ఆ దిండుకి పది సూదులు దారం ఎక్కించి గుచ్చి ఉంటాయి, అయిదు నల్లవి, అయిదు తెల్లవి. అది ఆయన భార్య పని. రెండేళ్ళ కిందట ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టింది. ఎందుకని మాస్టారు అడగలేదు. సర్దుడు పిచ్చి ముదిరిందనుకుని ఊరుకున్నారు.

ఆ రెండేళ్ళుగానే మాస్టారి కళ్ళ ముందు ఎవరో పల్చటి తెర కట్టినట్టు ఉంటోంది. కొత్త కళ్ళజోడు కొన్నారు, లాభం లేకపోయింది. కొలతల పుస్తకం భార్య చేతికిచ్చి, “నువ్వు చదువుతుంటే నేను గీస్తాను, పని తొందరగా తెములుతుంది” అన్నారు. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కుట్టే పనులన్నీ మెల్లగా ఆవిడ మిషను మీదికి తోసేశారు. తన చూపు సంగతి తనకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలిస్తే కొట్టుకి ఎవరొస్తారు? ఇంట్లో మాత్రం తన మాటకి విలువేముంటుంది?

ఆవేళ కాలేజీ ప్రిన్సిపాలుగారి కోటు కోయాలి. భారీ మనిషి, పాత నమూనాలేవీ ఆయనకి పనికిరావు. ముందు కాగితం మీద కోసుకుని, ఆ ముక్కలు గుడ్డ మీద పరిచి కోయడం మాస్టారి పద్ధతి. కొలతలు నిన్ననే నోటికొచ్చాయి కాబట్టి భార్య కోసం ఆగలేదు. బల్ల కింద అరలో తడిమితే గోధుమరంగు కాగితాలు ఆరు చేతికి తగిలాయి. పరిచి, సుద్దముక్కతో లావుగా గీతలు గీసి, కత్తెర ఆడించారు. అరగంటలో వీపు, ముందుభాగాలు, చేతులు, కాలరు అన్నీ గోడ మేకుకి వేలాడాయి. మిగిలిన తునకలు గోనెసంచిలో పడ్డాయి. చెయ్యి ఇంకా మాట వింటోందని మాస్టారు లోలోపల మురిసిపోయారు.

భార్య టీ పట్టుకొచ్చింది. కప్పు బల్ల మీద పెడుతూ కిందికి వంగి చూసింది.

“ఏవండీ, ఈ అరలో నా కాగితాలుండాలి. ఆరు. చూశారా?”

“నీ కాగితాలేమిటి? అవిగో, మేకుకి ఉన్నాయి. ప్రిన్సిపాలుగారు.”

ఆవిడ మేకు దగ్గరికి వెళ్ళి కాలరు ముక్క తీసింది. కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. తర్వాత చెయ్యి ముక్క, తర్వాత వీపు. “ఇది నా కథ” అంది.

మాస్టారు చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేశారు.

ఆవిడ రాస్తుందని ఆయనకి తెలుసు. కొట్లో బేరం లేనప్పుడు పెన్సిలు ముక్కతో కటింగు కాగితాల మీదే ఏదో గీకుతూ ఉండేది. కిరాణాకొట్టు జాబితా అనుకున్నవి కథలని తేలింది మొన్న ఉత్తరం వచ్చినప్పుడే. వీధి చివరి లైబ్రరీలో లైబ్రేరియనమ్మ ఒక కథ మొదటి సగం చదివి, తనే శుభ్రంగా తిరగరాసి, కొత్త రచయితలకి శిక్షణ ఇచ్చే సంస్థకి పంపిందట. వాళ్ళు పన్నెండు మందిని ఎంచుకున్నారు, అందులో ఈవిడ ఒకతె. నెలరోజులు అక్కడే ఉండాలి. విడిగా గది, రాసుకోవడానికి బల్ల, తిండీతిప్పలూ వాళ్ళవే. చెయ్యి తిరిగిన రచయిత ఒకరు రోజూ పక్కన కూర్చుని, రాసింది చదివి మంచీచెడ్డా చెబుతారు. చివర్న పన్నెండు కథలూ పుస్తకంగా వేస్తారు. షరతు ఒకటే. కథ మిగతా సగం శుక్రవారంలోగా అందాలి.

ఉత్తరం విని మాస్టారు “నీ ఇష్టం” అన్నారు. వద్దు అనడానికి ఆ ఇంట్లో వాడే మాట అదే. నెలరోజులు కొలతలు ఎవరు చదువుతారన్నది ఆయన భయం. అది నోటితో చెప్పుకునే భయం కాదు కదా. ఇవాళ బుధవారం. ఆ మిగతా సగం మేకుకి వేలాడుతోంది.

“ఏవండీ, ఒక్కమాట చెప్పండి.” ఆవిడ కాలరు ముక్క ఆయన ముందు పెట్టింది. “దీని మీద రాత ఉందని మీకు కనపడలేదా?”

అడిగి ఆగింది. చాలాసేపు ఆగింది. లేదు అనే రెండక్షరాలు మాస్టారి నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ కనపడలేదంటే మొత్తం బయటపడుతుంది. ఆ పాడు పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకే తెలియదు.

“ఎందుకు కనపడదు? నాకేం కళ్ళు పోయాయా? చూశాను. చూసే కోశాను.”

లోపలి గదిలో తయారవుతున్న కూతురు జడ సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. బండి మీద ఎంత అదుపో నోటి మీద అంత తక్కువ.

“చూసే కోశారా? నాన్నా, మీరు మనిషేనా అసలు?”

“నువ్వు మధ్యలో దూరకు. ఇల్లూ కొట్టూ వదిలేసి, ఈ వయసులో పలకా బలపం పట్టుకుని నేర్చుకోవడానికి పోతుందట. నలుగురూ నవ్వరూ?”

“నా దగ్గరికి అరవై ఏళ్ళవాళ్ళొచ్చి స్టీరింగు పడుతున్నారు. ఎవరు నవ్వుతున్నారు? బండి నడిపేది వాళ్ళే. నేను పక్క సీట్లో కూర్చుంటాను, నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ ధైర్యంతోనే వాళ్ళు రోడ్డెక్కుతారు. అమ్మకి కావాల్సింది కూడా అంతే కదా, పక్క సీట్లో ఒక మనిషి. ఇన్నాళ్ళకి దొరికితే మీ సొమ్మేం పోయింది?”

“ఇంక చాలు, ఊరుకో” అంది తల్లి. ఏడవలేదు. మాస్టారికి అది చూసే భయమేసింది. “లైబ్రేరియనమ్మకి రావడం లేదని చెప్పేసి వస్తాను. వేరే ఎవరికన్నా ఇస్తారు.”

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కూతురు కూడా మొహం మాడ్చుకుని పనికి పోయింది. ఇంట్లో మాస్టారూ, మేకుకి ప్రిన్సిపాలుగారూ మిగిలారు.

మాస్టారు పనిలో పడి మర్చిపోదామని చూశారు. బొత్తాలు కుట్టారు, చేతులకి మడతలు కుట్టారు. మధ్యాహ్నానికి పదో సూది అయిపోయింది. సొంతంగా దారం ఎక్కించుకుందామని కొస నోట్లో తడిపి, నలిపి, కిటికీ వెలుగుకి పెట్టి గుచ్చారు. సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ గుచ్చారు. వేలిలో దిగింది. పదిసార్లయ్యాక సూది బల్ల మీద పడేశారు.

తర్వాత లేచి గోనెసంచి బల్ల మీద బోర్లించారు. మేకు మీది ముక్కలన్నీ దించారు. కోసింది తను. కలపాల్సింది కూడా తనే. చదవడానికి కళ్ళు లేకపోతేనేం, తన కత్తెర నడిచిన దారి తన వేళ్ళకి తెలియదా? చంక వంపుకి సరిపోయే తునక ఇది. కాలరు చుట్టూ మిగిలిన నెలవంక ఇది. జేబు మూత పోగా మిగిలిన మూల ఇది. తడిమి, అంచుకి అంచు చేర్చి, గుండుసూదులు గుచ్చుకుంటూ పోయారు. గంటన్నర పట్టింది. ఆరు కాగితాలు మళ్ళీ ఆరు కాగితాలయ్యాయి. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. జీవితంలో అంత జాగ్రత్తగా ఆయన ఏ కోటూ కూర్చలేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఏది మొదటి కాగితం, ఏది ఆఖరిది?

భోజనానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల నిండా గుండుసూదులు మెరుస్తున్నాయి.

“అమ్మాయ్, వీటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పు.”

పొద్దున్నటి కోపం ఇంకా దిగలేదు. “మీరు చూసే కోశారు కదా. మీరే చూసుకోండి.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ముప్పై ఏళ్ళుగా నిటారుగా నిలబడ్డ మనిషి గాలి తీసేసినట్టయిపోయారు.

“నాకు కనపడటం లేదమ్మా.”

“ఏం కనపడటం లేదు?”

“రాత. సూది బెజ్జం. రోడ్డవతల బోర్డులు. రెండేళ్ళయింది. పొద్దున కూడా కనపడలేదు. పెన్సిలు గీతలున్నాయని తెలిస్తే దాని మీద కత్తెర పెడతానా? మీ అమ్మ రాసినదాని మీద?”

కూతురు చేతిలోని సంచీ కిందపడింది. వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. కాసేపటికి ముక్కు ఎగపీల్చుకుని లేచి, కాగితాలు వరసలో పెట్టింది.

“చదవనా?”

“చదువు.”

చదివింది. కథలో ఒక దర్జీ ఉన్నాడు. అతని చూపు మందగిస్తోంది, పైకి చెప్పడు. అతనికో భార్య ఉంది. నాలుగు కాగితాలు అయ్యేసరికి మాస్టారి చెవులు వేడెక్కాయి. ఆరోదానికి వచ్చేసరికి కూతురు చదవడం నెమ్మదించింది.

“‘ఆయన అడగడు. అడిగితే చిన్నబోతాడు. అందుకని ఆమె రోజూ ఆయనకంటే ముందు లేచి పది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చుతుంది. పది ఎందుకంటే, ఆయన పనికి పది చాలు. ఎప్పుడైనా ఒకరోజు పని ఎక్కువై, పదకొండో సూది కావాలని ఆయన నోరు తెరిచి అడిగితే బాగుండునని ఆమె కోరిక. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని కోరింది అదొక్కటే.’”

మాస్టారు సూదుల దిండు వైపు చూశారు. రెండేళ్ళు. రోజుకి పది. ఆయన లెక్క వేయలేకపోయారు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“తెల్లగుడ్డ పనులన్నీ నాకు తోసేసినప్పుడే తెలిసింది” అంది గుమ్మంలోంచి భార్య. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. “పొద్దున అడిగింది అందుకే. కనపడలేదని అంటారేమోనని.”

“మరి తెలిసి కూడా అలా వెళ్ళిపోయావేం?” అన్నారు మాస్టారు.

“కాగితాలు పోయినందుకు కాదండీ. తెలిసే కోసిన దుర్మార్గుణ్ణి అనిపించుకోవడానికైనా సిద్ధపడ్డారు గానీ, నాతో ఒక్కమాట అనలేకపోయారు. నేను పరాయిదాన్నా?”

తప్పయిపోయిందని అనడం మాస్టారికి ఎప్పుడూ అలవాటు లేదు. అయినా అన్నారు, సగం నోట్లో, సగం బయట. ఆవిడకి వినపడింది.

బల్ల దగ్గరికి వచ్చి, గుండుసూదులు గుచ్చిన కథని వేళ్ళతో నిమిరింది. “ఇంత బాగా అతికారే.” తర్వాత నెమ్మదిగా, “ఇది అచ్చయితే మీ సంగతి నలుగురికీ తెలుస్తుంది. మీరు వద్దంటే పంపను.”

మాస్టారు ఆలోచించారు. “పంపు. కానీ ఆ దర్జీని మరీ మొండిఘటంలా రాశావు.”

“ఉన్నదే రాశాను.”

కూతురు కన్నీళ్ళలోనే ఫక్కుమంది. “మరి లైబ్రేరియనమ్మకి చెప్పేశావుగా అమ్మా?”

“ఆవిడ ఒప్పుకుంటేగా! శుక్రవారం సాయంత్రం దాకా నాకు చెముడు, నువ్వన్నదేదీ వినపడలేదు అంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, తెల్లకాగితాల కట్ట చేతిలో పెట్టి పంపింది.” అని ఆవిడ నిట్టూర్చింది. “కానీ ఈయన్ని ఇలా వదిలేసి ఎలా వెళ్ళను? ముందు కళ్ళు చూపించాలి.”

“నువ్వు వెళ్ళకపోతే చూపించుకోను” అన్నారు మాస్టారు.

“చూశావా, మొండిఘటం!”

“డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. కొలతలు నేను చదువుతాను” అంది కూతురు. “ప్రిన్సిపాలుగారి నడుం చుట్టుకొలత చదవాలంటే నాకూ నెల పడుతుంది.”

ముగ్గురూ నవ్వారు. భార్య తెల్లకాగితాలు విప్పి తిరగరాయడానికి కూర్చోబోయింది. మాస్టారు మధ్యాహ్నం బల్ల మీద పడేసిన సూది వెతికి తీశారు. నల్లదారం కొస పట్టుకున్నారు. రెండూ ఆవిడ ముందుకి చాచారు.

“ఏమోయ్, పదీ అయిపోయాయి. ఇంకొకటి ఎక్కించి పెడతావా? నాకు కనపడటం లేదు.”

ఆవిడ సూది అందుకుంది. దారం కొస తడిపి, బెజ్జం దగ్గర పెట్టింది. పక్కనుంచి పోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోయింది. రెండేళ్ళుగా ఒక్క సూది తప్పని మనిషికి ఇవాళ కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనపడలేదు.

“ఇటివ్వండి” అని కూతురు లాక్కుంది. “ఇద్దరికీ కలిపి ఎల్ బోర్డు తగిలించాలి.”