ఆరో వరసలోని వద్దు

టీవీలు బాగుచేసే పెద్దల్లుడికి లోకంలో ఎవరి మీదా కోపం లేదు, తోడల్లుడి మీద తప్ప. ఆస్తి తగువు కాదది, పాత కంప్యూటర్ల తగువు. నలభై ఏళ్ళనాటివి, మీటల డబ్బా ఒక్కటే ఉండేవి, టీవీకి తగిలించి క్యాసెట్ తిప్పితే పనిచేసేవి. వాటిని కారుచౌకగా సంపాదించే పిచ్చి చిన్నల్లుడికి అంటించింది ఈయనే. లెక్కల మాస్టారైన ఆ చిన్నల్లుడు రెండు నెలల క్రితం, ఈయన వీధిలోనే, పాత సామాన్ల కొట్లో, కాటా వేసి అమ్మే చెత్తలోంచి చెక్క అంచుల కంప్యూటర్ ఒకటి పట్టుకుపోయాడు. రోజూ ఆ కొట్టు ముందునుంచే వెళ్ళే ఈయన కంటికి అది ఆనలేదు. ఆనాటినుంచి కడుపుమంటతో అన్నం సహించడం లేదు. ఒకసారి వచ్చి చూడండి బావగారూ అని మరదలు పిలిస్తే, తలనొప్పని ముసుగుతన్ని పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒక ముసలావిడ, పోయిన భర్త సామాన్లు అమ్ముతోందని తెలిసి పరిగెత్తాడు. మేడమీద గదిలో గుడ్డ కప్పిన కంప్యూటర్, పక్కనే దాని క్యాసెట్ ఉన్నాయి.

"పాడైపోయిందమ్మా ఇది," అన్నాడు, ప్లగ్గయినా పెట్టకుండా. ఈ బేరాల్లో మొదటి మాట ఎప్పుడూ అదే.

"పనిచేస్తుంది బాబూ. మొన్న ఒకాయన దీని ముందు గంటసేపు కూర్చున్నాడు. బట్టతల, చేతిలో చారల సంచీ. వెళ్తూ వెళ్తూ దీన్ని ఎవరికీ అమ్మకండని మరీమరీ చెప్పాడు."

చారల సంచీ అంటే తోడల్లుడే. తను డబ్బు తెచ్చుకునేదాకా ఇంకొకరు ఎగరేసుకుపోకుండా వేసిన ఎత్తు కాబోలనుకుని, అక్కడికక్కడే బేరం తెగ్గొట్టి చంకన పెట్టుకున్నాడు.

"మా ఆయన ఒక్కటీ కొనలేదు బాబూ," అంది ఆవిడ గుమ్మం దగ్గర. "అన్నీ ఎవరో ఒకరు పోయిన ఇళ్ళనుంచే వచ్చేవి."

ఈయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య చెల్లెలింటికి వెళ్ళింది. బయట వాన పట్టుకుంది. టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టాడు. కీచుమంటూ టేపు తిరుగుతుంటే వేడెక్కిన దుమ్ము వాసన గదంతా కమ్ముకుంది. కీచు శబ్దం మధ్యలో ఎవరో దగ్గినట్టయింది. టేపు పాతది కదా అనుకున్నాడు.

ఏడు నిమిషాలకి తెరమీద జాబితా వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. కావలసింది ఏది, ఎవరి దగ్గరుంది, వచ్చిందా లేదా. మొదటి అయిదు వరసల చివరా 'వచ్చింది' అని ఉంది. ఆరో వరసలో, తెల్ల కంప్యూటర్. ఎవరి దగ్గర అన్నచోట, పెద్దల్లుడు. చివర్లో, 'వద్దు'.

తెల్లది ఈయనదే. మొట్టమొదట కొన్నది, ప్రాణంగా చూసుకునేది.

"వద్దట! నాది వాడికి పనికిరాదట!" అని పళ్ళు కొరికాడు. ఏడో వరసలో వేళ్ళు విరిగేలా కొట్టాడు. చెక్క అంచుల కంప్యూటర్... చిన్నల్లుడు.

తనేమీ కొట్టకుండానే చివర్లో 'వస్తుంది' అని పడింది.

చప్పున స్విచ్ కట్టేశాడు. టేపు మీదికి ఎక్కించలేదు కదా! కరెంటు తీస్తే ఈ డబ్బాలు అన్నీ మరిచిపోతాయి. ఆ సంగతి ఎక్కాలకంటే బాగా వచ్చు ఈయనకి. ఊపిరి పీల్చుకున్నాడు.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో తోడల్లుడు. చేతిలో చారల సంచీ. వెనక కుండపోత. మనిషి మీద ఒక్క చుక్క లేదు.

"ఇది మీకే అన్నయ్యా," అన్నాడు గుసగుసగా, సంచీ అందిస్తూ.

"ఇప్పుడెందుకురా?"

"మీరడిగారుగా."

సంచీ బల్లమీద పెట్టి తిరిగేసరికి గుమ్మం ఖాళీ. ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ... మరిది పోయాడు." ఏడుస్తోంది. "ఇప్పుడే, అయిదు నిమిషాలు కూడా కాలేదు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే... ఆ చెక్క కంప్యూటర్ని ఒళ్ళో పెట్టుకుని. చేతులు విడదీయలేకపోతున్నాం..."

ఫోన్ జారిపోయింది. బల్లమీద సంచీ బరువుగా కూర్చుని ఉంది.

అప్పుడు అర్థమైంది ఆ 'వద్దు'. వాడూ తనలాగే కళ్ళల్లో నిప్పులు పోసుకుని పెద్దల్లుడని కొట్టాడు. కానీ భయపడి, మనసొప్పక, వద్దని రాసి తనని బతికించాడు. తను ఆ ఒక్క మాటా రాయలేదు. స్విచ్ కట్టేశాడు.

ఏడుస్తూనే మళ్ళీ టేపు తిప్పాడు. ఏడు నిమిషాలు. కీచు... దగ్గు... ఈసారి ఇద్దరి దగ్గు.

జాబితా వచ్చింది. ఎక్కించని ఏడో వరస అక్కడే ఉంది. చివర్లో 'వచ్చింది'.

వద్దని కొట్టబోయాడు. మీటలు దిగలేదు.

సంచీలోంచి చప్పుడు. టక్... ఎవరో ఒకే మీట నొక్కినట్టు. ఆరో వరసలో వద్దు చివరి అక్షరం చెరిగిపోయింది.

ఇంగ్లీషులో రాస్తే వద్దుకి అయిదక్షరాలు.

టక్... మూడున్నాయి ఇంకా.