పెళ్లి అవకాశాల నష్టం

ఖమ్మం కోర్టులో యాక్సిడెంట్ కేసులు వాదించే సంపూర్ణ మేడమ్ ఆఫీసుకు ఒక పద్ధతి ఉంది. అక్కడ క్లయింటు కంటే ముందు అతని పిటిషన్ తయారవుతుంది. పాత పిటిషన్ తెరవడం, పేరు మార్చడం, విరిగింది కాలో చెయ్యో దిద్దడం, చివర సంతకాలకు జాగా వదలడం. ఇదంతా చేసేది జూనియర్ జెస్సికా. రెండేళ్లలో ఆ కంప్యూటర్ మీద తాను ఎన్ని కాళ్లు విరగ్గొట్టిందో ఆమెకే గుర్తులేదు.

అన్నిట్లో ఆమె చెయ్యి తిరిగింది ఏడో అంశంలో. దెబ్బ తగిలినవాడికి పెళ్లి కాకపోతే ‘పెళ్లి అవకాశాల నష్టం’ కింద కూడా పరిహారం అడగొచ్చు. దాని కింద ఆమె రాసే నాలుగు వాక్యాలు చదివి స్టాంపులమ్మే ఆయన కళ్లు తుడుచుకున్నాడని కోర్టు క్యాంటీన్‌లో చెప్పుకుంటారు. జెస్సికా ఆ మాట కాదనేది కాదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం జస్టిన్ సంతకం పెట్టడానికి వచ్చాడు. ఊరు తిరుమలాయపాలెం, పని బొజ్జయ్య బ్యాండులో ట్రంపెట్. ఏడాది కిందట పర్ణశాల దగ్గర ఒక పెళ్లికి ఊది బైకు మీద తిరిగి వస్తుంటే, మలుపులో రాంగ్ సైడు వచ్చిన కారు గుద్దింది. కుడికాలు అతుక్కుంది గానీ అంగుళం పొట్టిదైంది. ఇంకో ఆపరేషన్ చేస్తే నడక చాలావరకు బాగుపడుతుందని డాక్టర్ చెప్పాడు. ఆ ఆపరేషన్ అంతా ఈ కేసు మీదే ఆధారపడి ఉంది.

మామూలుగా క్లయింట్లు చదవరు, చూపించిన చోట సంతకం పెట్టి పోతారు. ఇతను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఏడో అంశం దగ్గర ఆగిపోయాడు.

“మేడం, ఈడ ‘ఇకమీదట ఇతనికి పిల్లనిచ్చుటకు ఎవరూ ముందుకు రారు’ అనుంది.”

“అవ్. దాని కిందనే సంతకం,” అంది జెస్సికా స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండా.

“ఎవరు చెప్పిండ్రు మీకు?”

“ఎవరూ చెప్పలే. నేనే రాసిన.”

“నన్ను చూసి రాసిండ్రా, చూడకముందే రాసిండ్రా?”

జెస్సికా తలెత్తింది. ఎత్తకుండా ఉంటే కేసు కేసులాగే నడిచేది. మనిషి పొడుగు, నలుపు, పై పెదవి మీద ట్రంపెట్ ఊదీ ఊదీ పడ్డ చిన్న గుండ్రటి ముద్ర. నవ్వితే ఆ ముద్ర కూడా నవ్వుతోంది. ఇదంతా ఒక్క చూపులోనే ఎట్లా కనబడిందో ఆమెకు అర్థం కాలేదు.

“చూడకముందే. అది ఫార్మాట్.”

“ఇప్పుడు చూసిండ్రు గద. మార్చుండ్రి.”

“మారిస్తే మీకే లాస్.”

“మార్చకపోతే మా అమ్మకు లాస్. పాపం, ఆమె ఇంకా సంబంధాలు చూస్తుంది.”

జెస్సికా నవ్వు ఆపుకుని పెన్ను ముందుకు తోసింది. అతను పిటిషన్ మీద, దానితోపాటు పెట్టే ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. “సంతకం పెట్టిన గానీ ఒప్పుకోలే. యాదుంచుకోండి,” అని చెప్పి, కుడికాలు కొంచెం ఈడుస్తూ మెట్లు దిగిపోయాడు. ఆమెకు గుర్తుండకపోతే బాగుండు, కానీ ఉండిపోయింది.

ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. కోర్టులో ఆలస్యమైతే ఊరంతా తిట్టుకుంటుంది. ఆ ఏడు ఇద్దరు మనుషులు మాత్రం లోలోపల దండం పెట్టుకున్నారు. జస్టిన్ రావాల్సిన అవసరం లేని వాయిదాలకు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. అవసరం లేదని చెప్పాల్సిన జూనియర్ చెప్పడం మర్చిపోయేది.

ఆగస్టులో ఒకరోజు జడ్జిగారు సెలవు. బయట కుండపోత వాన. ఇద్దరూ క్యాంటీన్ రేకుల కింద ఇరుక్కున్నారు.

“మీ కేసు నెలన్నరకు పోయింది,” అంది జెస్సికా, ఫైళ్లు తడవకుండా చున్నీ కప్పుతూ.

“గంత జల్దీనా?”

“బ్యాండుల పని లేదా మీకు?”

“బొజ్జయ్య మామ నన్ను జనరేటర్ బండి మీద కూసోబెట్టి ఊదిస్తుండు. ఊరేగింపు ముందు పోతది, నేను ఎనక డీజిల్ వాసన పీల్చుకుంట పోత. పెండ్లికొడుకు మొకం చూడక ఏడాదైంది.”

నవ్వుతూనే చెప్పాడు. జెస్సికాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్ని పిటిషన్లు రాసింది గానీ ఈ నష్టం ఏ అంశం కింద రాయాలో ఆమెకు తెలియదు.

“ఇటు జరగరాదు, తడుస్తున్నవ్,” అంది.

“‘మీరు’ ఏడబోయింది మేడం?”

“వానకు కొట్టుకపోయింది.”

అతను జరిగాడు. అవసరమైనదానికంటే ఒక జానెడు ఎక్కువే జరిగాడు.

డిసెంబరులో అదే క్యాంటీన్‌లో రెండు టీలు చెప్పి జస్టిన్ గొంతు సవరించుకున్నాడు.

“ఏడో అంశం గురించి మాట్లాడాలె.”

“ఇప్పుడేమైంది దానికి?”

“ఒకామె ముందుకు వస్తదేమో అని డౌటుంది.”

“వస్తనన్నదా?”

“ఇంకా అడగలే. ఇప్పుడే అడుగుతున్న.”

జెస్సికాకు చెవులు వేడెక్కాయి. ఎంతైనా వకీలు కదా, వెంటనే జవాబివ్వడం అలవాటు లేదు. “వాయిదా కావాలె,” అంది.

“ఎన్ని రోజులు?”

“ఈ టీ అయ్యేదాక.”

ఆ టీని ఆమె రెండు గుక్కల్లో తాగేసింది. నాలుక కాలింది.

ఇళ్లల్లో పెద్ద గొడవేం జరగలేదు. జస్టిన్ నాన్న ఆంథోని వచ్చి జెస్సికా నాన్న క్రిస్టోఫర్‌తో మాట్లాడాడు. క్రిస్టోఫర్ చర్చిలో ప్రార్థనలు, పాటలు నడిపించే ఉపదేశి, కాబట్టి కుర్రాడు పాటకు తాళం తప్పడని తెలిసి సగం అక్కడే ఒప్పుకున్నాడు. ఒక్క షరతు జెస్సికాదే. అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్ అయ్యేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని. అది అయ్యాక కేసు సీనియర్‌కు అప్పగించి తాను పక్కకు తప్పుకోవచ్చని ఆమె ప్లాను.

కానీ ప్లాను వేసింది కోర్టు క్యాలెండరు చూసి. క్రిస్టోఫర్ చూసేది చర్చి క్యాలెండరు. విభూతి బుధవారం దాటితే తపస్సు కాలం, నలభై రోజులు పెళ్లి చేయరు. ఈస్టరు తర్వాత ఎండలు. ఎండలో ఇత్తడి ట్రంపెట్ పెదవికి పెడితే చుర్రుమంటుంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదవాలి. ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఆయన ఎవరికీ చెప్పకుండా ఫాదర్‌కు చీటీ ఇచ్చేశాడు. చర్చిలో చదివేది బయట చెప్పడం కిందికి రాదని ఆయన గట్టి నమ్మకం.

అట్లా జనవరిలో ఒక ఆదివారం, పూజ చివర, ఫాదర్ కళ్లజోడు సర్దుకుని చదివాడు. “తిరుమలాయపాలెం వాస్తవ్యులు ఆంథోనిగారి కుమారుడు జస్టిన్, మన చర్చికి చెందిన క్రిస్టోఫర్‌గారి కుమార్తె జెస్సికా. మొదటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు.”

మూడు వందల మంది వెనక్కి తిరిగి ఆమెను చూశారు. జెస్సికా చూసింది మాత్రం పాటల బృందంలోని ఏంజెల్‌ని. ఏంజెల్ మంచి పిల్లే. కాకపోతే ఈ కేసులో కారు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు వకీలు అజ్మల్ సాబ్ దగ్గర టైపిస్టు. ఈ పెళ్లికి సెలవు అడగాలన్నా సాబ్‌కు ఎవరి పెళ్లో చెప్పాలి కదా. క్రాస్ ఎగ్జామినేషన్ తెల్లారే.

చర్చి గేటు దగ్గర జెస్సికా జస్టిన్‌ను పట్టుకుంది.

“రేపు అజ్మల్ సాబ్ అడుగుతడు. ‘ఏదీ ఖాయం కాలేదు’ అను, చాలు. పెళ్లి అయ్యేదాక లీగల్‌గ ఖాయం కానట్టే.”

“అందరి ముందల చదివిండ్రు జెస్సీ.”

“నువ్వు ఎవరూ రారని ప్రమాణం చేసినవ్. అది తప్పని తేలితే కాలు సంగతి కూడా అబద్ధమేనంటరు. ఆపరేషన్ పోతది. అర్థమైతుందా నీకు?”

జస్టిన్ గేటు ఊచ పట్టుకుని కుడికాలి మీద బరువు తగ్గించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “కేసు నీది. నన్నెవరూ చేసుకోరని చెప్పమంటే చెప్త. గానీ దేవుని మీద ఒట్టేసి ఒకసారి ఆ మాట అన్ననంటే, నా మటుకు అది నిజమైపోతది. ఆలోచించుకో.”

ఆ రాత్రి జెస్సికాకు నిద్ర పట్టలేదు. తాను రాసిన నాలుగు వాక్యాలు మళ్లీ మళ్లీ గుర్తొచ్చాయి. ఎంత బాగా రాసిందో, అంత భయమేసింది.

సోమవారం సంపూర్ణ మేడమ్ కొత్తగూడెం కోర్టుకు పోయింది. కేసు జూనియర్ మీద పడింది. జస్టిన్ బోనులో నిలబడ్డాడు. కుర్చీ వేస్తామంటే వద్దన్నాడు, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడ్డాడు. అజ్మల్ సాబ్ పెద్దమనిషి. చాకుతో కోసినా పండు కోసినంత నెమ్మదిగా కోస్తాడు.

“జస్టిన్‌గారూ, మీకు పిల్లనిచ్చేటోళ్లు ఎవరూ లేరని ప్రమాణం చేసిండ్రు. ఇప్పటికీ అదే మాటనా?”

జస్టిన్ జెస్సికా వైపు చూశాడు. బతిమాలే చూపు కాదు. ఆమె ఏదంటే అది చెప్పడానికి నిజంగానే సిద్ధంగా ఉన్నాడని ఆమెకు అర్థమైంది. తాను ఊరకుంటే చాలు, ఏడో అంశం నిలవొచ్చు. మనిషి మిగలడు.

లేచి నిలబడింది.

“అబ్జెక్షనా?” అన్నారు జడ్జిగారు.

“లేదు సార్. ఏడో అంశం మేము వదులుకుంటున్నాం.”

“కారణం?”

“ఆ నష్టం జరగలేదు సార్.”

అజ్మల్ సాబ్ చిరునవ్వు నవ్వాడు. “సాక్షి ఆయన. జవాబు మీరు చెప్తున్నరేంది అమ్మా?”

“ఆ వాక్యం రాసింది నేను సార్. రాసినప్పుడు ఈయన్ని చూడలేదు, ఫార్మాట్ చూసి రాసిన. చూసినంక తప్పని తెలిసింది.” చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసింది. “ఈయన్ని చేసుకునేది నేనే. ఇవాళ్టి నుంచి ఈ కేసులో ఉండను, మా సీనియర్ వస్తారు.”

 జడ్జిగారు కళ్లజోడు తీసి ఆమెను, బోనులో ఉన్నవాణ్ని, మళ్లీ ఆమెను చూశారు.

“వాళ్లకు నష్టమయ్యే మాట వాళ్లే చెప్పారు అజ్మల్‌గారూ. ఇక కాలు గురించి అడగండి.”

అజ్మల్ సాబ్ రాసుకొచ్చిన కాగితం మడిచాడు. దాని మీద ఇంకో పన్నెండు ప్రశ్నలున్నాయని ఏంజెల్ తర్వాత చెప్పింది. ఒక్కటే అడిగాడు. “బ్యాండుతోని ఎంత దూరం నడుస్తరిప్పుడు?”

“చర్చి గేటు దాక సార్, ఆడికెళ్లి జనరేటర్ బండే. ఎనకట ఊరంత తిరిగేటోన్ని.”

సాయంత్రం సంపూర్ణ మేడమ్ ఫోన్ చేసింది. “ఏడో అంశం వదిలినవట.”

“అవ్ మేడం.”

“రెండేండ్ల నుంచి నీకు డ్రాఫ్టింగ్ నేర్పిస్తున్న. క్లయింటును పెండ్లి చేసుకొని కేసు తగ్గించుడు నేనెప్పుడు నేర్పిన?” కొంచెం ఆగింది. “చీర నేను కొంట. రంగు చెప్పు.”

తీర్పు ఈస్టరు తర్వాత గానీ రాలేదు. కాలు సంగతి నమ్మారు, ఆపరేషన్‌కు సరిపడా ఇచ్చారు. పెళ్లి అవకాశాల ఎదురుగా సున్నా పెట్టారు. జస్టిన్ ఆ పేజీ ఒక్కటి ఫ్రేము కట్టించాడు. కానీ అంతకుముందే, మూడో ప్రకటన ఆదివారం జరిగింది చెప్పాలి.

ఆ రోజు చర్చిలో వెనక తలుపు దగ్గర అజ్మల్ సాబ్ నిలబడ్డాడు. కొత్త షేర్వాణీ, చేతిలో మిఠాయి డబ్బా. క్రిస్టోఫర్ స్వయంగా పిలిచాడట. ఫాదర్‌కు ఈ సంగతులేవీ తెలియవు. పేర్లు చదివి, ఎప్పటిలాగే అన్నాడు. “ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు.”

మూడు వందల తలలు ఒక్కసారిగా అజ్మల్ సాబ్ వైపు తిరిగాయి. పాటల బృందంలో ఏంజెల్ కళ్లు మూసుకుంది. ఫాదర్ కూడా అటే చూస్తూ, ఎందుకో తెలియక, ఎదురుచూశాడు.

అజ్మల్ సాబ్ గుండె మీద చెయ్యి వేసుకుని, తల వంచి అన్నాడు. “ఇన్సూరెన్సు తరఫున అభ్యంతరం లేదు ఫాదర్.”