పద్నాలుగో కాలమ్

“తూర్పు గేటు తెరవాలి. మూడు గంటల టైముంది. పద్నాలుగో కాలమ్ నింపండి,” అంది యంత్రం, పెళ్ళిలో రెండో బంతి వాళ్ళని భోజనానికి పిలిచినంత మామూలుగా.

కొత్తరేవులో వాన మొదలై అప్పటికి మూడు రోజులు. అలాంటిలాంటి వాన కాదు, తెరిచిన గొడుగే మునిగిపోయే వాన. కప్పలు కూడా విసుగెత్తి ఇళ్ళ అరుగులెక్కి కూర్చున్నాయి. ఏటిగట్టు మీది వరద కేంద్రం మాత్రం పొడిగా ఉంది. ఆ భవనం ఎంత ఎత్తంటే, కింద క్యాంటీన్లో కాచిన టీ పై అంతస్తుకి చేరేలోగా కాచినవాడికి మనవలు పుడతారు. ఆ పై అంతస్తులోనే ఉంది యంత్రం.

కాగితాల మీద దాని పేరు ఫ్లడ్ డెసిషన్ సిస్టమ్. ఊళ్ళో అందరూ ధర్మకాటా అనేవారు, లారీలు తూచే కాటాకున్న పేరే. అది చేసే పని చెప్పడం కష్టమేమీ కాదు. ఏటి పొడుగునా పన్నెండు వేల సెన్సర్లున్నాయి. ఏ మలుపులో చేప తోక ఆడించినా దానికి తెలిసిపోతుంది. నీరు ఎంత వస్తోంది, గట్టు ఎంతసేపు ఆగుతుంది అన్నది నిమిషాలతో సహా చెబుతుంది. నీరు మరీ మించితే గట్టు తెగి లక్షమంది పోకుండా, ముందే ఒక పక్కకి వదిలెయ్యాలి. అందుకు రెండు గేట్లు. తూర్పుది తెరిస్తే నీరు పుల్లేటిపాడు మీద పడుతుంది. పడమటిది తెరిస్తే స్వర్ణవిహార్ కాలనీ మీద పడుతుంది. ఏది తెరవాలో యంత్రం చెబుతుంది. అయితే చట్టం ఒక మెలిక పెట్టింది. అలా చెయ్యడం ఎందుకు న్యాయమో ఒక మనిషి రాయాలి. ఆ రాసే చోటే పద్నాలుగో కాలమ్. అక్కడ రాసింది చదివి, దాన్నిబట్టి యంత్రం తన లెక్క తాను దిద్దుకుంటుంది.

ఆ ఒక్క కాలమ్ కోసం డాక్టర్ శశిభూషణ్ నాలుగేళ్ళు నిద్ర మానేశాడు. యంత్రాన్ని కనిపెట్టింది ఆయనే. ఆఫీసువాళ్ళు నాలుగు సెకన్లలో దాని పని ముగించారు. మొదటి ఏడాది వరదకి సూపరింటెండెంట్ గోపాలస్వామి, ముప్పై ఏళ్ళుగా ప్రతి ఫైల్లోనూ రాస్తున్న మాటే అలవాటు కొద్దీ అందులోనూ రాయించాడు: ‘గతంలో మాదిరే.’ అది మొదటి ఏడాది. దానికి గతమే లేదు. అయినా ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. చదివింది యంత్రం ఒక్కటే. అది పసిపిల్లలా నమ్మేసింది. కిందటిసారి చేసిందే న్యాయమనుకుంది. మొదటిసారి లెక్కలో పుల్లేటిపాడు వచ్చింది కాబట్టి మరుసటేడూ పుల్లేటిపాడే, ఆపై ఏడూ పుల్లేటిపాడే. మునిగినప్పుడల్లా ఊళ్ళో ఇళ్ళు తగ్గాయి, పంట తగ్గింది. అవి తగ్గేకొద్దీ ఆ ఊరు మునిగితే పోయేది పెద్దగా ఏమీ లేదని యంత్రానికి తోచింది. ఇలా ఆరేళ్ళు.

ఏడో ఏడాది ఆ రోజు కీబోర్డు ముందు కూర్చున్నది మార్తమ్మ. ఇరవై ఆరేళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పింది. ఆఖరి ఏడాది క్లాసుకి ఇద్దరొచ్చేవారు, అందులో ఒకడు ఫ్యాను కోసం. ఈ కాలంలో ఈ చదువు ఎవరికి పనికొస్తుందని డిపార్టుమెంటు ఎత్తేసి, ఆ గదిలో జిరాక్స్ మెషీన్లు పెట్టారు. ఆవిడకి టైపు వచ్చు కాబట్టి వరద కేంద్రం వాళ్ళు కాంట్రాక్టు మీద తీసుకున్నారు. వచ్చి రెండేళ్ళయింది.

“గతంలో మాదిరే. కొట్టండి మార్తమ్మగారూ,” అన్నాడు గోపాలస్వామి మిరపకాయ బజ్జీ కొరుకుతూ.

“మా ఊరికి పడవలెన్ని వెళ్ళాయండీ?” అనడిగింది గుమ్మం దగ్గర తడి తుడుస్తున్న నూకరత్నం. ఆమెది పుల్లేటిపాడు.

“పదకొండు,” అన్నాడు గోపాలస్వామి.

“ఊళ్ళో తొమ్మిది వందల మంది ఉన్నారండి. మా అమ్మ తుంటి విరిగి మంచం మీదుంది. మంచంతో సహా ఎక్కించుకుంటారంటారా?”

“అందరినీ తెస్తారులే. ప్రభుత్వం చూసుకుంటుంది.”

“కిందటేడూ చూసుకుందండి. మా తమ్ముడు మూడోనాటికి తుమ్మచెట్టులో దొరికాడు.”

గోపాలస్వామి బజ్జీ కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

“నాదో మాటండి,” అంది నూకరత్నం గుడ్డ పిండుతూ. “గట్టు అందరిదీ కదా. మరి ఎప్పుడూ మేమేనా?”

మార్తమ్మ వేళ్ళు ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్ళపాటు ఆవిడ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని, లక్ష సుద్దముక్కలు అరగదీసి, పిల్లల్ని బతిమాలుకుంది. ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు గుడ్డ పిండుతూ అడిగింది ఈ మనిషి.

ఆవిడ టైపు చేసింది: ‘ఒకే మనుషులు మళ్ళీ మళ్ళీ మునగకూడదు.’

“ఏం కొట్టారు?” అన్నాడు గోపాలస్వామి.

“కారణం.”

“కారణం నేను చెప్పాను కదండీ.”

“మీరు చెప్పింది అలవాటండి. కాలమ్‌లో అడిగింది కారణం.”

ఆయన నోరు తెరిచేలోగా యంత్రం అంది: “ఇది కొత్త మాట. వివరించండి.”

ఆరేళ్ళలో అది ఒక్క ప్రశ్న అడగలేదు. పక్క గదిలోంచి శశిభూషణ్ ఒక చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు.

“అది అడిగిందా?”

“మీరు చేసిందే కదండీ,” అంది మార్తమ్మ.

“అడగగలదని తెలుసు మేడమ్. ఎవరైనా అడిగిస్తారని అనుకోలేదు.”

యంత్రం అడిగింది. ఆవిడ జవాబు టైపు చేసింది. మళ్ళీ అడిగింది.

“వంతులవారీగా ముంచమంటారా?”

‘కాదు. వంతులు ఆటల్లో ఉంటాయి. మనుషులు ఎక్కడ చచ్చిపోతారో ముందు అది చూడు.’

“స్వర్ణవిహార్‌లో నష్టం ఎక్కువ.”

‘అక్కడివి మూడంతస్తుల ఇళ్ళు. మనుషులు మెట్లెక్కుతారు. పుల్లేటిపాడులో ఎక్కడానికి మెట్లు లేవు.’

“ఎందుకు లేవు?”

‘ఆరుసార్లు మునిగింది కాబట్టి.’

“ఆ ఆరుసార్లూ న్యాయమని మీరే రాశారు. అది తప్పా?”

“అది మాత్రం కొట్టకండి,” అన్నాడు గోపాలస్వామి. ఆయన గొంతు తగ్గిపోయింది. “రికార్డులోకి వెళ్తుంది. అందరం పోతాం.”

మార్తమ్మ తిరిగి నూకరత్నం వైపు చూసింది. “కిందటేడు ఆ మాట కొట్టింది నేనే రత్నం. ఈ కుర్చీలో కూర్చునే కొట్టాను.”

నూకరత్నం గుడ్డని బకెట్లో వేసి అలాగే నిలబడింది.

‘తప్పే,’ అని టైపు చేసింది మార్తమ్మ.

మొత్తం తొమ్మిది ప్రశ్నలు. యాభై నిమిషాలు పట్టింది. ఆఖరిది: “ఇప్పుడు మీరు చెప్పినట్టు చేస్తే జరిగేదానికి ఎవరు జవాబుదారు?” ఆవిడ తన పేరు, ఇంటిపేరుతో సహా కొట్టింది.

“పడమటి గేటు,” అంది యంత్రం.

ఆ బటన్ నొక్కాల్సింది శశిభూషణ్. ఆయన ఇల్లు స్వర్ణవిహార్‌లోనే, రెండో వీధి.

“మా నాన్నగారు కింది పోర్షన్‌లో ఉంటారు మేడమ్. ఆయన పుస్తకాలన్నీ కిందే.”

“ఆయన్ని పైకి తీసుకెళ్ళమని ఫోన్ చెయ్యండి. రెండు గంటలుంది.”

ఫోన్ చేశాడు. ఆయన వేలు బటన్ దాకా వెళ్ళేలోగా ఏరు ఎండిపోయి మళ్ళీ నిండి ఉంటుంది. కానీ నొక్కాడు.

కాలనీలో ఫ్రిజ్‌లు మునిగాయి. కార్లు సంతలో తప్పిపోయిన గేదెల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ వీధులు తిరిగాయి. పటాలు, పరుపులు, పెద్దాయన పుస్తకాలు అన్నీ పోయాయి. మనుషులు మాత్రం ఒక్కరూ పోలేదు. పుల్లేటిపాడులో నూకరత్నం తల్లి సూరమ్మ మంచం మీదే పడుకుని, కప్పు కారుతోందని ఊరందరినీ తిట్టింది.

ఇక చూడండి. ఎంక్వయిరీ వేశారు. కాలనీవాళ్ళు మండిపడ్డారు. పేపర్లవాళ్ళు మెచ్చుకున్నారు. ఆఖరికి ప్రభుత్వం ఒకటి తేల్చుకుంది: ఇంత పనికొచ్చే చదువుని మూసేశామన్నమాట. ప్రతి కేంద్రంలోనూ ఒక ‘కారణాల అధికారి’ ఉండాలని, ఫిలాసఫీ డిగ్రీ తప్పనిసరని జీవో వచ్చింది. అంతే, రాష్ట్రం రాష్ట్రమంతా ఫిలాసఫీ మీద పడింది. ఇడ్లీ బండికి ఒకటి చొప్పున కోచింగ్ సెంటర్లు వెలిశాయి. పిల్లలు తెల్లారి నాలుగింటికి లేచి ‘న్యాయం’ బట్టీ పట్టేవారు. పెళ్ళిచూపుల్లో, అబ్బాయికి మంచీచెడూ తెలుసా అనడిగితే ర్యాంకు చెప్పేవారు. ‘పద్నాలుగో కాలమ్‌కు అయిదు వందల కారణాలు’ అన్న గైడు లేని ఇల్లు లేదు, ఉప్పు లేని ఇళ్ళున్నాయేమో గానీ.

మార్తమ్మ కూడా ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆవిడ సర్టిఫికెట్ అసలైనదేనని చెప్పాల్సిన డిపార్టుమెంటు మూసేశారు కనుక, అది చెల్లదని తిప్పి పంపారు.

కొత్త అధికారులు ఒక ఫిర్యాదు చేశారు. యంత్రం ఎదురు ప్రశ్నలు వేస్తోంది, దానివల్ల యాభై నిమిషాలు వృథా అవుతాయి. ‘వివరించండి’ అన్నదాన్ని తీసెయ్యమని కమిటీ రాసింది. శశిభూషణ్ ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఆయన ఇంటి గోడల మీద ఛాతీ ఎత్తున నీటి మరక ఇంకా ఆరలేదు. తీసేశాడు.

మరుసటి ఆగస్టులో ఏరు మళ్ళీ పొంగింది. రాష్ట్రంలో రెండో ర్యాంకు వచ్చిన అధికారి, ఇస్త్రీ మడత నలగకుండా, నలభై సెకన్లలో పద్నాలుగో కాలమ్ నింపాడు. కిందటేడు మునిగింది స్వర్ణవిహార్. యంత్రం ఎదురు అడగలేదు. తూర్పు గేటు తెరుచుకుంది.

పది రోజుల తర్వాత, ఎండ కాసిన మధ్యాహ్నం, నూకరత్నం మార్తమ్మ ఇంటికి వచ్చింది. వరద కేంద్రంలో పని పోయి, ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో ఊడుస్తోంది. చంకలో గైడు పెట్టుకుని వచ్చింది.

“అమ్మ?” అంది మార్తమ్మ.

“మంచం దొరికిందండి.”

మార్తమ్మ పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

“మీ మాటే రాశాడంట కదండీ ఆ కుర్రాఫీసరు. ఇందులో ఉందంట. ఎక్కడుందో చూపించండి.”

మొదటి పేజీలోనే ఉంది, ఒకటో కారణం. ఒకే మనుషులు మళ్ళీ మళ్ళీ మునగకూడదు. పక్కన చుక్క గుర్తు, చాలా ముఖ్యమని. మార్తమ్మ చూపించింది. చదువు రాని నూకరత్నం ఆ లైను మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి జరిపింది.

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఆ రోజు మీరు చాలాసేపు కొట్టారు కదండీ. నేను గది మొత్తం తుడిచేసి కూడా నిలబడ్డాను.”

“అవును. అది తొమ్మిది ప్రశ్నలు అడిగింది.”

నూకరత్నం పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. ఆఖరి అట్టదాకా తిప్పి, పుస్తకం ఆవిడ చేతిలో పెట్టింది.

“అవి ఇందులో లేవాండీ?”

“లేవు రత్నం.”