రెండు చేతుల కొలత

ఎమిలియాన్ తెల్లచొక్కా మీద ఉల్లిపాయ సూప్ పడింది. పైన కరిగిన చీజ్ తీగలుగా సాగి బొత్తాముల దాకా వేలాడింది.

"అయ్యో, చూడలేదండీ," అంది పక్కబల్ల దగ్గరి అమ్మాయి. చెంచా ఆమె ఎడమచేతిలో ఉంది.

"కుడిచెయ్యి ఊళ్ళో మరిచిపోయి వచ్చారా?"

"దానికి సెలవిచ్చాను. ఇనపగుండు రెండు చేతులతోనూ విసరాలి. రెండు దూరాలూ కలిపి లెక్కేస్తారు. నా ఎడమచెయ్యి ఉత్త సోమరిపోతు. అందుకే తిండి కూడా దాంతోనే."

"నా చొక్కా దాకా బాగానే విసిరింది లెండి. కానీ నాకు చీజ్ వాసనే పడదు. కడుపులో తిప్పుతుంది."

"అయితే మనకి చుట్టరికం కుదరదు నాయనా," అంది పక్కనున్న తల్లి. "మాది రువాన్ సంతలో చీజ్ కొట్టు."

అమ్మాయి పేరు సొలాంజ్. ఆడపిల్లల ఆటలపోటీలకి ఐదు దేశాలవాళ్ళు మాంటే కార్లో వచ్చారని తెలిసి, కూతురి ఆటపిచ్చికి ముగింపేదో కళ్ళారా చూడాలని తల్లి కూడా బయల్దేరింది. ఆవిడ షరతు ఒక్కటే. మొదటి ముగ్గురిలో నిలిస్తే ఆట సాగుతుంది. లేదంటే, "నా మోకాళ్ళు అరిగిపోయాయి. సోమవారం నుంచి కొట్లో ఒక మనిషి నిలబడాలి."

పోటీలు కాసినో తోటలో, దొరలు పావురాల్ని కాల్చే మైదానంలో. ఆ వారం పావురాలు బతికిపోయాయి. ఆడది పరిగెత్తితే కడుపు పండదని పత్రికల్లో రాసిన పెద్దమనుషులంతా ముందువరస టికెట్లు కొనుక్కున్నారు. కొలత టేపు మాత్రం కాసినోలో జూదపు చక్రం తిప్పే ఎమిలియాన్‌కి అప్పగించారు. ఎందరి డబ్బో అతని చేతిమీదుగా పోయినా, ఆ చేతిని శంకించినవాడు లేడు.

పోటీకి ముందు సాయంత్రాలు ఆ చెయ్యి సొలాంజ్ గుండుసంచీ మోసింది. తల్లి వెనకాలే నడిచింది, గొడుగుతో.

పోటీరోజు కుడిచేతి విసుర్లు బ్రహ్మాండంగా పడ్డాయి. చివరి ఎడమచేతి విసురు మిగిలింది. లండన్ అమ్మాయిని దాటితే మూడో స్థానం. సొలాంజ్ విసిరింది. గుండు మట్టిలో దిగబడింది.

ఎమిలియాన్ టేపు పరిచి వంగి చూశాడు. బొటనవేలంత తక్కువ. తలెత్తితే సొలాంజ్ కళ్ళు అతని మీదే ఉన్నాయి. కాస్త జరిపితే కనిపెట్టేవాడు లేడు. ఉన్న కొలతే గట్టిగా చదివాడు.

"వేలెడు జరిపితే మీ కాసినో కూలిపోయేదా?" తరవాత కంచె దగ్గర అడిగింది, ఏడుపు ఆపుకోకుండానే.

"జరిపితే మీరు రేపు నిజంగా గెలిచినా మీకే నమ్మకం ఉండేది కాదు."

"నా నమ్మకం సంగతి నేను చూసుకునేదాన్నిగా."

తల్లి గొడుగుతో నేల పొడుచుకుంటూ వచ్చింది. "అబ్బాయ్, దాని మీద మనసు పడ్డావు. నాకు మోకాళ్ళే పోయాయి, కళ్ళు కాదు. అయినా టేపు కదపలేదేం?"

"కదిపితే మీ ముందు ఇలా నిలబడలేనండీ."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "త్రాసు దగ్గర ఇలాంటివాడు దొరకడు. సరే, మాట మాటే. నాలుగో స్థానం. సోమవారం కొట్లో మనిషి ఉండాలి."

"ఏ మనిషో చెప్పలేదుగా," అన్నాడు ఎమిలియాన్. "నేనుంటాను. మీ అమ్మాయి గుండు విసురుకుంటుంది."

"చీజ్ వాసన పడదన్నావ్?"

"సోమరి ఎడమచేతికే అలవాటైంది, నా ముక్కుకి కాదా?"

తల్లి చేతిలోని బుట్ట తెరిచి, ఉన్న చీజ్‌లలో బాగా ముగ్గిన ముక్క కత్తి మొనకి గుచ్చి ఇచ్చింది. "తిను, చూద్దాం."

అతను కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడుముకుంటూ చెయ్యి చాపితే సొలాంజ్ తన చేతులు రెండూ అందులో పెట్టింది.

"ఒక్కటి సరిపోదు. మా ఆటలో రెండూ కలిపితేనే లెక్క," అంది.

జవాబు చెప్పాలని ఎమిలియాన్‌కి ఎంతో ఉంది. కానీ ముక్క ఇంకా గొంతు దిగలేదు.