మార్చని జవాబు

"జేబులు బయటికి తీయండి."

అతను నిలబడ్డచోటే ఆగిపోయాడు. ప్యాంటు అంచుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. బస్సు దిగి రోడ్డు దాటేలోపే వాన మొత్తం పనిగట్టుకుని అతని మీదే కురిసినట్టుంది.

"వాటిల్లో ఏమీ లేదండీ. పర్సు, ఫోను లాకర్లో పెట్టేశాను."

"ఖాళీవైనా తీసి చూపించాలి. రూల్."

బల్లకి అటువైపు నిలబడ్డ అమ్మాయి గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అతను రెండు జేబుల్నీ బయటికి లాగాడు. తడిసిన తెల్లటి జేబులు కుందేలు చెవుల్లా చెరోవైపు వేలాడాయి. ఆ అమ్మాయి పెదవి ఒక్క క్షణం వణికి, మళ్లీ సర్దుకుంది.

"కళ్లజోడు ఇవ్వండి."

"అది తీస్తే నాకు మీరు కూడా కనబడరు."

"చూసి ఇచ్చేస్తాను. ఈలోపు నన్ను చూడాల్సిన పనేమీ లేదు."

కళ్లజోడు కాడలు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత సొరుగులోంచి మెత్తటి గుడ్డ తీసి, అద్దాల మీది వాన చుక్కల్ని తుడిచి ఇచ్చింది. తుడవడం రూల్లో ఉందో లేదో అతనికి తెలీదు. పెట్టుకోగానే గదిలో అన్నిటికంటే ముందు ఆ అమ్మాయే స్పష్టంగా కనబడింది.

"రుమాలు ఉంచుకోవచ్చా? జలుబు చేసేలా ఉంది."

"కుదరదు. తుమ్మొస్తే చెయ్యెత్తండి, నేనొచ్చి టిష్యూ ఇస్తాను."

"మీరొచ్చేదాకా తుమ్ము ఆగాలి కదండీ."

"ఇప్పటిదాకా అందరిదీ ఆగింది," అంది గాజు తలుపు తెరుస్తూ.

కంప్యూటర్ సర్టిఫికేషన్ పరీక్షలు రాయించే సెంటర్ అది. కింద కళ్లద్దాల షాపు, పైన ఈ నిశ్శబ్దం. గాజు గోడ వెనక గదిలో విడివిడిగా అరలు, అరకో కంప్యూటరు. లోపలివాళ్లకి పరీక్ష తప్ప ఏమీ కనబడదు. బయట బల్ల దగ్గర కూర్చున్న ఆ అమ్మాయికి మాత్రం లోపలి మొహాలన్నీ తెర మీద కనబడుతూ ఉంటాయి.

అతను ఒక కంపెనీలో హెల్ప్‌డెస్క్‌లో కొత్తగా చేరాడు. ప్రొబేషన్ పూర్తయ్యేలోపు క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. చేరిన రోజే ఆ మాట కాఫీ ఇచ్చినంత మర్యాదగా చెప్పారు.

ఆ రోజు అతను తప్పాడు. అదీ కొద్దిలో.

ఆ అమ్మాయి మార్కుల కాగితాన్ని ప్రింటర్లోంచి తీసి, వెనక నిలబడ్డవాళ్ల కంట పడకుండా మధ్యకి మడిచి అందించింది. ఆ మడతని అతను ఇంటికి వెళ్లేదాకా విప్పలేదు.

అతను ఉండేది అక్కా బావల దగ్గర. బావ కాగితం చూసి నిట్టూర్చాడు.

"పరీక్షేమో మబ్బుల మీద. బయటేమో వాన. మావాడు ఏ మబ్బు గురించి రాసి వచ్చాడో మరి."

"మీరు ఊరుకోండి," అంది అక్క. "వాడికి అన్నీ వచ్చు. చిన్నప్పటినుంచీ అంతే. షాపులో చొక్కా ఎంచుకుని, డబ్బు కట్టేముందు వెనక్కెళ్లి మార్చుకుని, ఇంటికొచ్చి మొదటిదే బాగుందని ఏడ్చేవాడు."

అక్క నవ్వుతూనే అంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి వారం ఆఫీసు నుంచి వస్తుంటే బస్సులో కనబడింది ఆ అమ్మాయి. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టుకుని, పెన్సిల్ చివర కొరుకుతోంది.

"ఇక్కడ కూర్చోవచ్చా? కావాలంటే జేబులు చూపిస్తాను."

తలెత్తి చూసి, పక్క సీటు మీది బ్యాగు తీసింది. "బస్సులో అక్కర్లేదు."

పుస్తకం నెట్‌వర్కింగ్‌ది. డిగ్రీ అవగానే దొరికిన పని ఇదేనట. పొద్దస్తమానం ఇంతమంది పరీక్షలు రాస్తుంటే చూసి చూసి, తనూ గాజు గోడకి అటువైపు కూర్చోవాలనిపించిందట.

"ఇది నాకు అర్థం కావట్లేదు," అని ఒక బొమ్మ చూపించింది.

అదృష్టం కొద్దీ అది అతనికి వచ్చు. ముందు సీటు వెనకభాగం మీద వేళ్లతో గీతలు గీసి చెప్పాడు. ఆ అమ్మాయి వెంటనే తల ఊపలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తన మాటల్లో మళ్లీ చెప్పింది. అతను చెప్పినదానికంటే బాగుంది.

ఆ తర్వాత అతను ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొచ్చే బస్సు ఎక్కడం మానేశాడు. ఊరంతా చుట్టి వచ్చే ఆ బస్సే ఎక్కేవాడు. హెల్ప్‌డెస్క్ కబుర్లు చెప్పేవాడు.

"ఇవాళొకాయన ఇంటర్నెట్ రావట్లేదని ఫోన్ చేశారు. వైర్లన్నీ సరిగ్గా ఉన్నాయా అంటే, 'ఇది వైర్‌లెస్ కదా, అన్నీ పీకేశాను' అన్నారు. కరెంటు వైరుతో సహా."

ఆ అమ్మాయి చప్పుడు లేకుండా నవ్వేది. నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట పని చేసి చేసి అలా అలవాటైపోయిందేమో, నవ్వంతా కళ్లలోకే వచ్చేది. కిటికీ అద్దం మీద వాన చుక్కలు జారుతుంటే, వాటిలో వీధి దీపాలు కూడా జారేవి. ఆ వెలుగు ఆమె చెంప మీదుగా, పుస్తకం మీదుగా, అతని చేతి మీదికి వచ్చి వెళ్లిపోయేది. ఆమె స్టాపు ముందు వచ్చేది. ఆమె దిగిపోయాక బస్సు ఖాళీ అయిపోయినట్టుండేది. నిజానికి జనం నిలబడి ఉండేవాళ్లు.

"రోజూ ఇంత ఆలస్యమేంట్రా?" అంది అక్క.

"ఈ బస్సులో కిటికీ దగ్గర సీటు దొరుకుతుందక్కా."

"కిటికీ పక్క సీటా," అన్నాడు బావ పేపరు దించకుండానే, "కిటికీ పక్క సీటుకి పక్క సీటా?"

రెండోసారి పరీక్షకి వెళ్లిన రోజు బల్ల దగ్గర ఆ అమ్మాయే ఉంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఇంతకుముందు ఇక్కడ రాశారా?"

అతను చుట్టూ చూశాడు, ఎవరినో అడుగుతోందని. "నేనండీ."

"ఇంతకుముందు ఇక్కడ రాశారా?"

"రాశాను," అన్నాడు. అంతకుముందు సాయంత్రమే ఇద్దరూ ఒకే పుస్తకం మీదికి వంగి, తలలు తగిలి, ఇద్దరూ సారీ చెప్పుకున్నారు.

ఆ రోజు కూడా పరీక్ష తప్పాడు. మొదటిసారి కంటే ఇంకా కొద్ది తేడాతో. కాగితం మళ్లీ మడతపెట్టే అందింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమె పుస్తకం తెరిచి, ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. చివరికి అతనే అడిగాడు.

"మీరు అందరినీ కెమెరాలో చూస్తారు కదా. నేనెక్కడ పొరపాటు చేస్తున్నానో మీకు తెలుసా?"

ఆమె పుస్తకం మూసింది. జవాబు చెప్పడానికి పట్టిన ఆ కాసేపట్లోనే అతనికి అర్థమైపోయింది, తెలుసని.

"డ్యూటీలో చూసింది చెప్పకూడదు."

"జవాబులు చెప్పమనలేదు. నా గురించి నాకు చెప్పమంటున్నాను."

"అదీ చెప్పకూడదు."

"ఇంకోసారి తప్పితే నా ఉద్యోగం పోతుందని తెలుసు కదా."

"తెలుసు."

"సరేలెండి. మీ పని జేబులు చూడటం వరకే. మనుషుల్ని చూడమని మీకెవరూ చెప్పలేదు కాబోలు."

అతను లేచి, తనది కాని స్టాపులో దిగిపోయాడు. వాన జోరుగా పడుతోంది. బస్సు కదిలిపోతుంటే కిటికీలో ఆమె మొహం కనబడింది. ఏదో అంటోంది. అద్దం మూసి ఉండటంతో వినబడలేదు.

మర్నాటినుంచి అతను తిన్నగా ఇంటికెళ్లే బస్సే ఎక్కాడు. అందులో కిటికీ సీట్లు బోలెడు ఖాళీగా ఉన్నాయి.

టీమ్ లీడ్ పిలిచి కూర్చోబెట్టాడు. "నెలాఖరుకి నీ ప్రొబేషన్ అయిపోతుంది. పనిలో నీకు వంక పెట్టేవాళ్లు లేరు. కానీ సర్టిఫికెట్ లేకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. ఇది ఆఖరిసారి అనుకో."

అనుకోవడమేముంది, ఆఖరిదే.

మూడోసారి సెంటర్ మెట్లెక్కుతూ, ఆమెకి సారీ ఎలా చెప్పాలా అని మనసులో నాలుగు రకాలుగా రాసుకున్నాడు. నాలుగూ కొట్టేశాడు. పైకి వెళితే బల్ల దగ్గర ఆమె లేదు. సెంటర్ నడిపే పెద్దమేడమ్ ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని, చూపుతోనే మనిషిని స్కాన్ చేసేలా ఉంది.

"చొక్కా చేతులు పైకి మడవండి."

మడిచాడు. "ఇక్కడ రోజూ ఉండే ఆవిడ రాలేదా మేడమ్?"

"సెలవు పెట్టింది."

"ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంలా ఉంది. మిమ్మల్ని మాత్రం తను చెక్ చేయలేనంది. కళ్లజోడు ఇవ్వండి."

అతను కళ్లజోడు తీసి ఇచ్చాడు. "నా మీద కోపం వచ్చినట్టుంది. రావాల్సిందేలెండి."

"కోపాలొస్తే మేం సెలవులివ్వం బాబూ. మాకో రూలుంది. ఇంట్లోవాళ్లు, చుట్టాలు, బాగా కావలసినవాళ్లు ఎవరైనా పరీక్షకొస్తే మా స్టాఫ్ ఆ రోజు డ్యూటీలో ఉండకూడదు. ముందే వచ్చి నాకు చెప్పాలి. తను చెప్పింది."

"నేను వాళ్ల చుట్టాన్ని కాదు మేడమ్."

"నేనూ అదే అడిగాను, చుట్టమా అని," అంది పెద్దమేడమ్ కళ్లజోడు కాడలు తిప్పి చూస్తూ. "'ఇంకా కాలేదు మేడమ్' అంది." కళ్లజోడు తిరిగిచ్చేసింది. "ఎడమ జేబు చూపించలేదు మీరు."

అతను అరలోకి వెళ్లి ఎలా కూర్చున్నాడో అతనికే తెలీదు. కాసేపు తెర మీద అక్షరాలు నీళ్లలోంచి చూస్తున్నట్టు కదిలాయి. తర్వాత ఒక్కొక్కటే కుదురుకున్నాయి. ప్రశ్నలు తెలిసినవే. జవాబులూ తెలిసినవే. చెయ్యి తనంతట తాను పని చేసుకుపోతుంటే, మనసు ఎక్కడో కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తోంది.

ఆఖరి ప్రశ్న అయిపోయింది. ఇంకా చాలా సమయం ఉంది. రెండు బటన్లు వచ్చాయి. ఒకటి నొక్కితే వెనక్కెళ్లి జవాబులు మళ్లీ చూసుకోవచ్చు. రెండోది నొక్కితే పరీక్ష ముగుస్తుంది.

ప్రతిసారీ వెనక్కే వెళ్లి, కొన్ని జవాబులు మార్చేవాడు. ఇప్పుడూ చెయ్యి అటే పోయింది. అంతలో ఆ మాట గుర్తొచ్చింది. ఇంకా కాలేదు.

విన్న క్షణంలో దానికి అర్థం ఒక్కటే తోచింది. ఇప్పుడు తీరిగ్గా తలుచుకుంటే వేరేవి తోచాయి. మాట వరసకి అని ఉండొచ్చు. సెలవు కోసం చెప్పి ఉండొచ్చు. పెద్దమేడమ్ సగం విని సగం కల్పించి ఉండొచ్చు. తనని మళ్లీ చూడటం ఇష్టం లేక, మర్యాదగా తప్పుకోవడానికి ఆ రూలు అడ్డం పెట్టుకుందేమో. చూస్తుండగానే, చేతికొచ్చిన సంతోషాన్ని తనే కొంచెం కొంచెం కొట్టేసుకుంటూ వచ్చాడు.

మౌస్ మీద అతని వేలు ఆగింది.

తను చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. సరైన జవాబు ఉండగా పక్కనున్నదాన్ని చూడటం. పక్కనున్నది కూడా నిజమేమో అనుకోవడం. రెండుసార్లు పరీక్ష తప్పడానికి ఇంతకంటే కారణం లేదు.

అతను వెనక్కి వెళ్లలేదు. రెండో బటన్ నొక్కాడు.

పెద్దమేడమ్ కాగితాన్ని మడవకుండా అందించింది. ఎవరు చూసినా ఫరవాలేదన్నట్టు.

కిందికి వచ్చేసరికి వాన సన్నగా పడుతోంది. ఎదురుగా బస్ షెల్టర్లో ఆ అమ్మాయి గొడుగు మూసి పట్టుకుని నిలబడి ఉంది. అతను రోడ్డు దాటి వెళ్లాడు. ఆమె అతని మొహం వంక ఒకసారి చూసి, ఊపిరి వదిలింది.

"పాస్."

"కాగితం చూపించలేదుగా ఇంకా."

"కాగితాలు చూసి తెలుసుకునే అలవాటు లేదు నాకు." గొడుగు మరో చేతిలోకి మార్చుకుంది. "ఇప్పుడు చెప్పొచ్చు. పరీక్ష అయిపోగానే మీరొకసారి వెనక్కి వాలి కూర్చుంటారు. ఆ మొహం పాసయ్యేవాళ్ల మొహం. తర్వాత మళ్లీ ముందుకి వంగుతారు. ఇక అక్కణ్నుంచి చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలీదు."

"ఒక్క మాట చెబితే సరిపోయేది కదా."

"మీకొక్కరికి చెబితే, పక్క అరలో కూర్చున్నవాళ్లకి అన్యాయం కాదూ?"

"ఆ రోజు బస్సులో అలా అన్నందుకు..."

"అనే హక్కు ఉందనుకునే అన్నారు. మీరు వానలో దిగిపోయాక తెలిసింది నాకు, ఇక మీ జేబులు వేరేవాళ్లే చూడాలని."

వాన చినుకులు షెల్టర్ అంచు మీద వరసగా నిలబడి, ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"పెద్దమేడమ్ నాకో మాట చెప్పారు," అన్నాడు అతను.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడకి అన్ని రూల్సూ తెలుసు. ఏది ఎవరికి చెప్పకూడదో అదొక్కటే తెలీదు."

"దానికి నాకు మొదట తోచిన అర్థమే ఉంచుకున్నాను. తప్పయితే ఇప్పుడే చెప్పండి, మార్చుకుంటాను."

ఆమె గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకుని, నేల వైపు చూస్తూ, పరీక్ష గదిలో మాట్లాడేంత మెల్లగా అంది.

"మార్చకండి."

బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కలేదు. డ్రైవర్ ఒక క్షణం చూసి వెళ్లిపోయాడు.

"వచ్చే నెల నా పరీక్ష," అంది ఆమె. "పని చేసే చోట మేం రాయకూడదు. పక్క ఊరి సెంటర్‌కి వెళ్లాలి."

"నేనూ వస్తాను."

"లోపలికి రానివ్వరు. బయటే కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"రెండు గంటలు పట్టొచ్చు."

"అంతేనా?" అన్నాడు అతను, నిజంగానే దిగులుగా.