నాలుగింటిలోపు సర్టిఫికెట్లు

2007 ఆగస్టు 10, శుక్రవారం. ఉదయం 10:05.

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని ఒక బ్యాంకు. మేనేజర్ ఎదుట లోకేశ్వరి బ్యాగులోంచి ఫైల్ తీసి తెరిచింది.

లోపల మడతపెట్టిన పాత తమిళ పేపర్లు ఉన్నాయి. పదో తరగతి మార్కుల షీటు లేదు. నర్సింగ్ డిప్లొమా లేదు. ఒక్క ఒరిజినల్ కూడా లేదు.

ఆమె ఫైల్ బోర్లించి దులిపింది.

ఎనిమిదేళ్ళు నర్సుగా పనిచేశాక ఆమెకు డిగ్రీలో సీటు వచ్చింది. సగం ఫీజుకు ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తోంది. మిగతా సగానికి ఈ సాయంత్రం నాలుగింటిలోపు బ్యాంకు లోన్ మంజూరు కావాలి. కాకపోతే స్కాలర్‌షిప్ పోతుంది, దాంతో సీటూ పోతుంది. ఒరిజినల్స్ చూడనిదే లోన్ రాదు.

మేనేజర్ పోలీసులకు ఫోన్ చేశాడు. 10:30కి ఎస్.ఐ. అనంతరామన్ వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వితే కేసు కట్టేస్తారేమో అన్నట్టుంటాడు. లోకేశ్వరి మాట తీరు వినగానే ఆయన కూడా ఇంటి తెలుగులోకి దిగాడు.

"ఫైల్ ఎప్పటినించి మీ ఇంట్లో ఉండాది?"

"బుధవారం సాయంత్రం నించి సార్. బీరువాలో. సుందరమూర్తి అన్న జిరాక్స్ తీసుకొని తిరిగిచ్చినాడు."

"ఎవరాయన?"

"స్కాలర్‌షిప్ ఫారాలు నింపించే కన్సల్టెంట్ సార్. ఈడనే పక్క వీధిలో ఆఫీసు."

"కడపట ఎప్పుడు చూసినావు?"

"ఈ పొద్దున ఆరింటికి. మా అత్త పూజ చేసి చేతికిచ్చింది. మా మరిది భువనేశ్ బండిమీద మా ఊరు ఏంబలం బస్టాపులో దించినాడు."

"బ్యాగు ఎవరికాడ ఉండె?"

"ఆయన ముందర పెట్టుకున్నాడు."

"టౌన్‌లో?"

"బ్యాంకు తెరిచేదాకా సుందరమూర్తి అన్న ఆఫీసులో కూర్చొంటిని. మొగం కడుక్కోను పోయినప్పుడు అయిదు నిమిషాలు బ్యాగు ఆడ్నే ఉండె."

ఎస్.ఐ. కంప్లైంట్ రాయించుకుని, సుందరమూర్తిని విచారించడానికి వెళ్ళాడు. 11:10కి ఆమె సెల్ మోగింది. కొత్త నంబర్. గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు గొంతు.

"కంప్లైంట్ వాపస్ తీసుకో. నీ కూతురు యాడ చదువుతాదో తెలుసు. మూడున్నరకి బడి విడుస్తారు గదా?"

లైన్ కట్టయింది. పాపకు ఆరేళ్ళు. భర్త లారీతో నాగ్‌పూర్ దారిలో ఉన్నాడు. బడికి ఫోన్ చేస్తే, పాప క్లాసులో ఉందన్నారు. ఎస్.ఐ.కి చెప్తే పాపను ఏం చేస్తారో? మరిదికి చెప్పుకుందామంటే, ఆ గొంతు అతనిదే అయితే? పెండ్లయిన దానికి మళ్ళీ చదువేందని నెల రోజులుగా గొణుగుతున్నది అతనే. ఆమె ఎవరికీ చెప్పలేదు. గడియారం చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం 3:10. ఎస్.ఐ. అందరినీ సుందరమూర్తి ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఏంబలం నుంచి అత్త వసంతమ్మ, భువనేశ్ వచ్చారు. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు.

"నేను బ్యాగు తెరవనే లేదు వదినా," అన్నాడు భువనేశ్. "చదవొద్దంటిని. దొంగతనం చేస్తానా?"

సుందరమూర్తి నిదానంగా ఒక కట్ట తీసి బల్లమీద పెట్టాడు. "బుధవారం నేను తీసిన జిరాక్స్ ఇదే సార్. ఆ పొద్దే ఒరిజినల్స్ ఈయమ్మకిచ్చేసినా. మళ్ళా కంటితో చూసింటే ఒట్టు."

ఎస్.ఐ. ఒక్కో కాగితం తిరగేశాడు. వసంతమ్మ వైపు తిరిగాడు.

"పూజ ఎట్ల చేసినావమ్మా?"

"ఏందుంది సామీ? పటం ముందర పెట్టి, ఒక్కో కాగితానికి మూలన కుంకం బొట్టు పెట్టినా. గలీజు అవుతాదని కోడలు కసిరింది."

"ఏ పొద్దు పెట్టినావు?"

"ఈ పొద్దే. తెల్లారి ఆరింటికి."

ఎస్.ఐ. జిరాక్స్ కట్టను విసనకర్రలా పరిచాడు. ప్రతి కాగితం మూలన నల్లటి చుక్క ఉంది.

"ఎర్ర కుంకం జిరాక్స్‌లో నల్లగా పడతాది. ఈ పొద్దు పెట్టిన బొట్టు బుధవారం జిరాక్స్‌లోకి ఎట్లొచ్చె, సుందరమూర్తీ?"

సుందరమూర్తి కట్ట అందుకోబోతే ఎస్.ఐ. చేత్తో నొక్కిపట్టాడు.

"నీ దగ్గరికొచ్చే ప్రతి ఫారానికీ ఎవరో ఒకరు బొట్టు పెట్టే తెస్తారు. రోజూ చూసి చూసి నీ కంటికి ఆనలేదు."

కానిస్టేబుల్ జిరాక్స్ మిషన్ అడుగు ట్రే లాగాడు. తెల్ల కాగితాల కింద ఒరిజినల్స్ దొరికాయి.

సుందరమూర్తి కక్కేశాడు. ఇంకో బ్యాంకులో లోకేశ్వరి పేరుతో వేరే ఆడమనిషిని నిలబెట్టి లోన్ కొట్టేయాలని ప్లాను. బుధవారం జిరాక్స్‌లు ఆ బ్యాంకుకిచ్చాడు. సోమవారం ఒరిజినల్స్ చూపించాలి. ఎవరైనా అడిగితే చూపడానికి, ఈ ఉదయం దొంగిలించాక ఇంకో కట్ట జిరాక్స్ తీసుకున్నాడు.

లోకేశ్వరి గోడ గడియారం చూసింది. 3:22. ఇక ఆగలేకపోయింది.

"నా బిడ్డ యాడ అన్నా? ఫోన్ చేసింది ఎవరు?"

ఎస్.ఐ. ఉలిక్కిపడ్డాడు. "ఏం ఫోన్?"

ఆమె ఏడుస్తూనే చెప్పింది. ఎస్.ఐ. సుందరమూర్తి కాలర్ పట్టుకున్నాడు.

"మాడసామి... నా కాడ పనిచేసేవాడు," అన్నాడు సుందరమూర్తి. "ఫారంలో బిడ్డ బడి పేరు ఉండె. ఫోన్ చేసి గేటుకాడ నిలబడమంటిని. బెదిరించేదానికే సార్!"

కానిస్టేబుల్ జీపు వైపు పరిగెత్తాడు. లోకేశ్వరి వెంటపడింది. వసంతమ్మ ఆమెను పక్కకు నెట్టి, చీర ఎగదోపుకుని తనే జీపెక్కింది.

"బిడ్డను నేను తెస్తా. నువ్వు బ్యాంకుకి పో! ఇంత జరిగి సీటు పోగొట్టుకుంటావా?"

ఎస్.ఐ. రసీదు రాయించుకుని ఒరిజినల్స్ లోకేశ్వరి చేతిలో పెట్టాడు. భువనేశ్ బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు వదినా."

3:48. మేనేజర్ ఒరిజినల్స్ అన్నీ సరిచూడడం ముగించి, కాగితాలు ముందుకు తోశాడు. ఆరు చోట్ల సంతకం. బడి విడిచి పద్దెనిమిది నిమిషాలయింది.

నాలుగో సంతకం దగ్గర సెల్ మోగింది. కొత్త నంబర్.

వింటే ఏం వినాల్సొస్తుందో. ఆ తరువాత చెయ్యి ఆడదని ఆమెకు తెలుసు. సెల్ మోగుతూనే ఉంది. అయిదో సంతకం చేసింది. ఆరోది చేసింది. అప్పుడు తీసింది.

"అమ్మా! అవ్వ పోలీసు జీపులో వచ్చింది! గేటుకాడ ఒకాయన పరిగెత్తినాడు, పోలీసాయన పట్టేసినాడు! ఎందుకమ్మా ఇంతసేపు ఫోన్ తీయలేదు?"

"పనిలో ఉంటిని రా కన్నా," అంది లోకేశ్వరి.

మేనేజర్ సీలు వేశాడు. 3:56. ఎంతసేపు మోగనిచ్చి తీసిందో కూతురికి ఆమె ఏనాడూ చెప్పలేదు.