తొట్టెల మీది పేరు

ఒక పేరును వద్దన్నవారు ఆ పేరు గల మనిషిని కూడా వద్దన్నట్టేనా?

చిత్రిక పడుతున్న చేతిని ఆపి వడ్రంగి బ్రహ్మచారి తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఎదుట పాపాయిని ఊపే టేకు తొట్టెల సిద్ధంగా ఉంది. తలవైపు పలక ఒక్కటే ఖాళీ. దాని మీద పేరు చెక్కాలి. ఆ పేరే తేలడం లేదు.

ఊళ్లలో రజాకార్ల భయం ముదిరిన ఎండాకాలంలో, బోయిగూడలోని ఈ ఇంటికి భువనగిరి నుంచి దూరపు చుట్టాలు వచ్చి చేరారు: బిక్షం, గర్భిణి అయిన అతని భార్య, చెల్లెలు సుమిత్ర. రజాకార్లను అణచడానికి పటాలాలు నగరంలోకి నడిచిన సెప్టెంబరు రోజుల్లో, మంత్రసాని గడప దాటలేని వేళ, బ్రహ్మచారి తల్లి తుల్జమ్మే పురుడు పోసింది. గోడవతలి ఖమర్ బీ వేడినీళ్లు అందించింది. ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడంతా కుదుటపడిందంటున్నారు. నిజానికి భయం గోడకు అవతలి వైపు మారింది. ఖమర్ బీ చాలా రోజులుగా వాకిట్లోకి రాలేదు. ఇవాళ తుల్జమ్మే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఈ సాయంత్రం పేరు పెట్టే తొట్టెల వేడుక. బిడ్డ చెవిలో మేనత్త ముమ్మారు చెప్పిందే పేరు. ఆ మేనత్త సుమిత్ర. రేపు ఉదయం రైలుకు వాళ్లు వెళ్లిపోతారు.

లోపలి మాటలు వసారాలోకి వినిపిస్తున్నాయి.

"తుల్జమ్మ అనే పెడదం," అంది బాలింత. "ఆమె చేతులే లేకుంటె నేను, నా బిడ్డ యాడ ఉందుము?"

"నేనైతే విజయ అనుకున్న, కాలానికి తగ్గట్టు," అన్నాడు బిక్షం. "సరే, నీ మాటే కానియ్."

"పాత పేరే మంచిది బిడ్డా," అంది ఖమర్ బీ. "పాత రాగి గిన్నె లెక్క. కిందపడ్డా పగలదు."

"నా పేరెందుకే, ముసలిదాని మొరటు పేరు!" అంటూనే తుల్జమ్మ మురిసిపోతోంది.

"వద్దు," అంది సుమిత్ర. పొద్దుటి నుంచీ అదే మాట. కారణం మాత్రం చెప్పదు.

బ్రహ్మచారికి ఆ మాట చెక్కపేడులా గుచ్చుకుంది. ఇన్ని నెలలూ సుమిత్ర వాకిలి ఊడుస్తుంటే అతని రంపపు గీత వంకర పోయేది. గాజుల చప్పుడైతే కొలత మరచిపోయేవాడు. అయినా నోరు విప్పలేదు. చెప్పని మాట చెడిపోదని అతని నమ్మకం. కాని, రేపు రైలు కదిలాక ఆ మాట ఏ స్టేషన్లో దిగుతుంది?

వాన మొదలైంది. ఆరేసిన పాపాయి బట్టలు తీయడానికి సుమిత్ర పరుగున వచ్చి, తడిసిన ముంగురులతో వసారాలో ఆగింది.

"పలక ఇంకా బోడిగనే ఉన్నదేంది?"

"పేరు చెప్పేటోళ్లు చెప్తలేరు."

"పేర్ల ముచ్చట నీకెందుకు బావా! బ్రహ్మచారి అని పేరు పెట్టుకొని తిరిగేటోనివి."

ఇంకొక రోజైతే నవ్వేవాడు.

"మా అమ్మ పేరు గంత మొరటుగున్నదా, సుమిత్రా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "మొరటని నేనన్ననా?"

"మరి అందరొప్పుకున్నంక నీకేం తక్లీఫ్?"

"నాకే తక్లీఫ్. మీకెవ్వరికీ లేదు. గన్ని పుస్తకాలు చదువుతవు గద, జెర సోంచాయించు."

"సోంచాయించే పరేషానైతున్న."

సుమిత్ర కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మా వదిన ఎన్నడన్న మా అమ్మ పేరు పలికిందా?"

"అత్త పేరు కోడలెట్ల పలుకుతది?"

"మా ఊర్ల పక్కింటి పిల్లకు సుత అమ్మ పేరే. ఆ పిల్లను వదిన ఎప్పుడూ 'ఓ పిల్లా' అనే పిలిచేది."

"అయితే?"

"అయితేనా!" ఆమె కళ్లలో కోపం, నీళ్లు ఒకేసారి మెరిశాయి. "నా మేనకోడల్ని నేను నోరార పేరు పెట్టి పిలుసుకోవద్దా? బతుకంత 'ఓ పిల్లా' అనాల్నా?"

బట్టలు గుండెకు హత్తుకుని లోపలికి పరుగెత్తింది.

బ్రహ్మచారి చూరునీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వదిన, ఆమె అత్త, పక్కింటి పిల్ల... ఒక్కొక్కరినే దాటుకుంటూ అతని ఆలోచన నింపాదిగా నడిచి, తన ఇంటి గడప దగ్గరే ఆగింది. చేతిలోని ఉలి జారి కాలి బొటనవేలి పక్కన పడింది.

ఆమె ఆ పేరును వద్దన్నది ఈ ఇంటి కోడలిగా ఉండిపోవాలనే!

ఇన్నాళ్లూ ఆలోచన తనకు దారి అనుకున్నాడు. అది చాటు మాత్రమేనని ఇప్పుడు తెలిసింది. ఇక ఆలోచించదలచుకోలేదు. జుట్టు నిండా చెక్కపొట్టుతోనే లోపలికి నడిచాడు.

"బావా, సుమిత్రను నాకిస్తవా?"

బిక్షం నోరు తెరిచాడు. "పిల్ల పేరు అడగనీకొచ్చినవనుకుంటి!"

"గది సుత ఇందుల్నే ఉన్నది."

"నువ్వేమంటవ్ చెల్లె?"

సుమిత్ర గోడతో చెప్పింది: "పొద్దటి సంది చెప్తున్న గద."

"వద్దు వద్దంటివి!"

ముందుగా అర్థమైంది తుల్జమ్మకే. నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓయమ్మో, గందుకా! అయితె నా పేరు మానుండ్రి. నా కోడలికి తిప్పలెందుకు? విజయ అనే పెట్టుండ్రి."

"రేపటి రైలు సంగతి?" అంది బాలింత.

"రైలు ఎల్లుండి సుత ఉంటది," అన్నాడు బిక్షం, చెల్లెలి వైపు చూసి.

సుమిత్ర పాపాయిని చేతుల్లోకి తీసుకుంది. "నేనింకా కోడల్ని కాలే గద."

ఆ చిట్టి చెవి దగ్గర వంగి, అందరికీ వినపడేలా, తొందర లేకుండా, ఒక్కొక్కసారీ నోటినిండుగా పలికింది:

"తుల్జమ్మ. తుల్జమ్మ. తుల్జమ్మ."

ఖమర్ బీ చాలా రోజుల తరువాత నవ్వింది. "పెండ్లయినంక ఏమని పిలుస్తవ్ బేటీ?"

"చిన్నత్తా అని పిలుస్త."

వసారాలో అప్పటికే బ్రహ్మచారి పలక ముందు కూర్చున్నాడు. ఉలి ఆనించి, 'తు' మీద మొదటి దెబ్బ వేశాడు.